చీకటి రెక్క... చిటికెడు వెలుగు!

ఒకటి కొండల్లో తిరిగే గబ్బిలం. ఇంకోటి కడలిలో తేలే ఏకకణ జీవి. మొదటిది తగ్గిపోతోందని దిగులు. రెండోది పెరిగిపోతోందని దిగులు. ఈ రెండింటి కథా హైదరాబాద్‌తో ముడిపడి ఉంది!

తెల్లారేసరికి కారు బానెట్‌ మీద నమిలి పారేసిన బాదంకాయలు. గోడ మీద గోధుమరంగు మరకలు. ‘ఇదంతా గబ్బిలాల పనే సార్’ అంటాడు వాచ్‌మన్. ‘ఆ చెట్టు కొమ్మలు కొట్టేయిస్తే పోలా?’ అంటారు పై అంతస్తువాళ్లు. మణికొండలో చెట్లున్న ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా వినిపించే మాటే ఇది.

అదే ఇంట్లో పిల్లాడు ఫోన్లో ఓ వీడియో చూస్తుంటాడు. అర్ధరాత్రి సముద్రం. అల విరిగిన ప్రతిచోటా నీలిరంగు మెరుపు. ‘అమ్మా, ఇది చూడు!’ అంటూ ఇల్లంతా తిప్పి చూపిస్తాడు. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు అలా మెరిసినప్పుడు జనం రాత్రికి రాత్రి బీచ్‌కి పరుగులు తీశారు. ఆ వెలుగుని పుట్టించేది నాక్టిలూకా అనే ఏకకణ జీవి.

ఒకదాన్ని చూస్తే చీదర. ఇంకోదాన్ని చూస్తే సంబరం. కానీ శాస్త్రవేత్తల్ని అడిగి చూడండి... చీదరపడే జీవి అడవిని పెంచుతోందంటారు. సంబరపడే జీవి సముద్రం ఆరోగ్యం గురించి ఏదో హెచ్చరిక చెబుతోందేమో చూడాలంటారు!

గబ్బిలానికీ నాచుకీ పోలికేమిటి అంటారా? అక్కడే ఉంది అసలు కథ. దానికోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మణికొండ నుంచి ఒకవైపు వెళితే అత్తాపూర్. అంతరించిపోతున్న జంతువుల కోసం పనిచేసే సీసీఎంబీ ప్రయోగశాల ‘లాకోన్స్’ అక్కడుంది. ఇంకోవైపు వెళితే ప్రగతినగర్. సముద్రం మీద తేలే నాచుల్ని ఉపగ్రహాల సాయంతో కనిపెట్టే ‘ఇన్‌కాయిస్’ అక్కడుంది. అలలే లేని నగరంలో కూర్చుని అలల మీద నిఘా!

పాతికేళ్లు అజ్ఞాతంలో...

మన కథలో గబ్బిలం పేరు లాటిడెన్స్ సలీమలీ. మామూలు మాటల్లో సలీం అలీ గబ్బిలం. పండ్లు తిని బతుకుతుంది. తోక ఉండదు. తమిళనాడు, కేరళల్లోని పడమటి కనుమల్లో కొన్ని చోట్ల మాత్రమే కనిపిస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

దీన్ని గుర్తించిన తీరే ఓ డిటెక్టివ్ కథలా ఉంటుంది. 1948లో మధురై దగ్గరి హైవేవీ కొండల్లో ఆంగస్ హటన్ అనే ప్రకృతి ప్రేమికుడికి ఓ గబ్బిలం దొరికింది. ఊళ్లలో కనిపించే మామూలు పొట్టిముక్కు గబ్బిలమే అనుకుని ఆ పేరే రాసి, ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సేకరణలో భద్రపరిచారు. దాదాపు పాతికేళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1972లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్త కిట్టి తొంగ్‌లోంగ్యా దాని పళ్లని పరీక్షగా చూసి ఆశ్చర్యపోయారు. జాతి మాత్రమే కాదు, ఏకంగా ప్రజాతే కొత్తదని తేల్చారు. లాటిడెన్స్ అంటే వెడల్పు పన్ను అని అర్థం. రెండో పేరు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గౌరవార్థం పెట్టారు. ఆ తర్వాత బతికున్న గబ్బిలం మళ్లీ శాస్త్రవేత్తల కంటపడటానికి 1993 దాకా ఆగాల్సొచ్చింది.

సలీం అలీకీ మనకీ ఓ బంధం ఉంది. 1931-32లో ఆయన నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి ఇక్కడి పక్షుల మీద సర్వే చేశారు. ఆయన చేపట్టిన తొలి ప్రాంతీయ సర్వేల్లో అదొకటి. మన నేల మీద పిట్టల లెక్క తేల్చిన మనిషి పేరే, పాతికేళ్లు లెక్కలోకి రాని ఓ గబ్బిలానికి దక్కిందన్నమాట.

సలీం అలీ గబ్బిలం మన రాష్ట్రాల్లో లేదు. కానీ దానితో పొరబడ్డ పొట్టిముక్కు గబ్బిలం మాత్రం మన పక్కింటిదే. తాటాకుల కిందో, నిటారుగా పెరిగే అశోక చెట్ల కొమ్మల మధ్యో పగలంతా వేలాడుతుంది. మణికొండలో బానెట్‌ మీద బాదంకాయ పడేసే అనుమానితుల్లో మొదటిది ఇదే.

నీటిలో నిప్పురవ్వ

ఇక రెండో జీవి. నాక్టిలూకా సింటిలాన్స్. పేరుకి ‘రాత్రి దీపం’ అని అర్థం. శరీరమంతా కలిపి ఒకటే కణం. అయినా కంటికి కనిపిస్తుంది. దాదాపు అర మిల్లీమీటరు, కొన్నయితే రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. నీళ్లలో ఉడికిన సగ్గుబియ్యం గింజని బాగా చిన్నది చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పక్కన చిన్న తోకలాంటి తీగ. అల తాకినా, చేప కదిలినా, మీ వేలు తగిలినా లోపల రసాయన చర్య మొదలై సెకనులో పదో వంతు కూడా ఉండని నీలి మెరుపు పుడుతుంది. అలాంటివి లక్షలూ కోట్లూ ఒకేసారి మెరిస్తే... సముద్రం వెలిగినట్టే!

దీన్ని అందరూ నాచు అనేస్తారు కానీ, నిక్కచ్చిగా చెప్పాలంటే ఇది డైనోఫ్లాజెల్లేట్ల కుటుంబానికి చెందింది. ఇందులో రెండు రకాలు. ఎర్రది వేటగాడు. సూక్ష్మమైన డయాటమ్‌లనీ, ఇతర జీవుల గుడ్లనీ మింగి బతుకుతుంది. పచ్చదైతే ఇంకా చిత్రం. తన కణంలో వేల సంఖ్యలో బుల్లి పచ్చ నాచు కణాల్ని అద్దెకి పెట్టుకుంటుంది. అవి ఎండలో వంట చేసి ఇంటి యజమానికి పెడతాయి. అది చాలక వేట కూడా ఉంటుంది. మొక్కా, జంతువా అంటే రెండూ అనాల్సిందే. అరేబియా సముద్రంలో చలికాలం విరబూసేది ఈ పచ్చ రకమే.

పోల్చి చూస్తే...

రెండూ రాత్రి ప్రత్యేకతలున్నవే. పండ్లు తినే గబ్బిలాల్లో చాలావాటికి, పురుగులు తినే గబ్బిలాల్లాగా శబ్దం చేసి దాని ప్రతిధ్వనితో దారి వెతుక్కునే విద్య లేదు. పెద్ద పెద్ద కళ్లు, పసిగట్టే ముక్కు... వాటినే నమ్ముకుంటాయి. అంటే గబ్బిలానికి కళ్లున్నాయి, వెలుగు లేదు. నాక్టిలూకాకి వెలుగుంది, కళ్లు లేవు!

పిల్లల విషయంలో తేడా మరీ ఎక్కువ. పండ్ల గబ్బిలం కాన్పుకి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. దాన్ని పొట్టకి కరిపించుకుని మోస్తుంది, పాలిస్తుంది. నాక్టిలూకా నిలువునా రెండుగా చీలిపోతుంది. అంతే, పురుడు పూర్తయినట్టే. మూడు రోజులకోసారి సంఖ్య రెట్టింపవుతుందని లెక్కకోసం అనుకుందాం. అన్నీ బతికితే రెండు నెలల్లో ఒక్క కణం పది లక్షలు దాటుతుంది. అదే రెండు నెలల్లో గబ్బిలం తల్లి తన ఒక్కగానొక్క బిడ్డకి ఎగరడం నేర్పడంలోనే ఉంటుంది.

అందుకే ఒక గుహలో గబ్బిలాల్ని తరిమేస్తే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. నాక్టిలూకా ఈ ఏడాది కనిపించకపోయినా మరుసటి ఏడాది నీళ్లు అనుకూలిస్తే మళ్లీ విరగబూస్తుంది. ‘అంతరించిపోతున్న’ అనే మాట ఒకదాని పక్కనే ఎందుకు చేరిందో చెప్పడానికి ఈ లెక్క చాలు.

ఇంత తేడా ఉన్నా ఇద్దరికీ ఓ చుట్టరికం ఉంది. సైటోక్రోమ్ బి అని ఓ జన్యువు. ఆహారాన్ని శక్తిగా మార్చే పనిలో దానిది ముఖ్యమైన పాత్ర. క్షీరదాల మైటోకాండ్రియాలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు 13 ఉంటాయి. డైనోఫ్లాజెల్లేట్లలో అవి మూడే. ఆ మూడింటిలో ఒకటి సైటోక్రోమ్ బి! గబ్బిలం రెక్క కదలాలన్నా, నాక్టిలూకా బతకాలన్నా అది కావాల్సిందే. 150 కోట్ల ఏళ్లకు పైబడిన ఉమ్మడి పూర్వీకుల ఆస్తి అది. పంపకాల్లో ఎన్ని పోయినా ఇది మాత్రం ఇద్దరి దగ్గరా మిగిలింది.

అత్తాపూర్ శాస్త్రవేత్తలకి ఈ జన్యువు బాగా పరిచయం. ఎక్కడైనా మాంసం ముక్కో, చర్మమో, ఎముకో దొరికితే అది ఏ జంతువుదో ఈ జన్యువు ఆధారంగా పోల్చుకునే పద్ధతిని 2000వ దశకం మొదట్లో వాళ్లే రూపొందించారు. జింకని చంపి ‘మేక మాంసం’ అని బుకాయించే వేటగాళ్లు కోర్టుల్లో దొరికిపోవడం అలాగే మొదలైంది.

‘హానికరం’ ముద్ర

తెలుగువాళ్లకి గబ్బిలం అంటే అపశకునం. ఇంట్లో దూరితే కీడంటారు. అలాంటి జీవినే గుర్రం జాషువా తన కావ్యానికి దూతగా ఎంచుకున్నారు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో అంటరానివాడి గోడుని కాశీలోని శివుడికి చేరవేసేది అదే. హంసలూ మేఘాలూ రాయబారాలు నడిపిన సాహిత్యంలో ఊరంతా చీదరించుకునే ప్రాణికి ఆ గౌరవం దక్కింది.

చట్టం మాత్రం చాలాకాలం కరుణించలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాల్ని ఎలుకలు, కాకులతో కలిపి ఐదో షెడ్యూలులో, హానికర జంతువులుగా పెట్టింది. అంటే వాటిని చంపినా అడిగేవాళ్లు లేరు. తర్వాతి రోజుల్లో సలీం అలీ గబ్బిలాన్ని మాత్రం పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చారు. చిత్రమేంటంటే, అంగుళమో అరంగుళమో తేడాతో ఒకేలా కనిపించే రెండు గబ్బిలాల్లో ఒకటి చంపితే జైలు, ఇంకోటి చంపితే ఏమీ లేదు! చెట్టు మీద వేలాడుతున్నది ఏదో వేటగాడికేం తెలుసు? 2022లో చేసిన సవరణతో ఆ హానికర జంతువుల షెడ్యూలునే తీసేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

చట్టం మారినంత తేలిగ్గా నమ్మకాలు మారవు. గబ్బిలం మాంసం తింటే ఉబ్బసం తగ్గుతుందన్న అపోహ చాలా ప్రాంతాల్లో ఇంకా ఉంది. దానికి ఆధారం లేదు.

మన పొరుగునే ఉన్న ఓ ఉదాహరణ చూస్తే పరిస్థితి ఎంత సున్నితమో అర్థమవుతుంది. తెలుగు మాట వినిపించే కర్ణాటకలోని కోలార్ జిల్లాలో హనుమనహళ్లి అనే ఊరుంది. పురుగులు తినే ఓ అరుదైన గబ్బిలం జాతికి అక్కడి గుహే ప్రపంచం మొత్తమ్మీద తెలిసిన ఒకే ఒక్క ఇల్లు. మిగిలినవి రెండొందల లోపే. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్లతరబడి వాటి వెంటపడి, లెక్కపెట్టి, ఆ గుహల పక్కన రాళ్లు కొట్టడం ఆగేందుకు కృషి చేశారు. రాయి అంటే మనకి ప్లాటుకి అడ్డం. వాటికి అదే ఇల్లు. పేరులోనే కొండ ఉన్న మణికొండ వాసులకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదేమో!

మర్రి విత్తనం... మంచి పని

గబ్బిలం చేసే మేలు రాత్రిపూట జరుగుతుంది. అందుకే ఎవరికీ కనిపించదు. మర్రి, రావి, మేడి పండ్లు తిని ఎగురుతూ రెట్టలేస్తుంది. అందులో విత్తనాలుంటాయి. పగలు పిట్టలు పోని ఖాళీ జాగాల మీదుగా కూడా ఇవి ఎగురుతాయి కాబట్టి చెట్టు లేని చోట చెట్టు మొలుస్తుంది. రాత్రి పూసే పూలకి పరాగం మోసేదీ ఇవే. పడమటి కనుమల్లో సలీం అలీ గబ్బిలం చేసే పనీ అదే. అది తినే పండ్లలో మేడి జాతివి ఉన్నాయి.

మణికొండకి కాస్త దూరంలో అప్పా జంక్షన్. అక్కణ్నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు. ఆ దారి పొడవునా సుమారు 900 మర్రి చెట్లు. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేయాలన్నప్పుడు నగరవాసులు కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కి వెళ్లారు. ఏళ్లపాటు వాదనలు సాగాయి. ఇటువైపు 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్ల నరికివేతని సుప్రీంకోర్టు ఆపింది. ఇలాంటి వార్తల్లో నెమళ్లూ జింకలూ కనిపిస్తాయి. రాత్రి పండుకోసం వచ్చి చెట్టు లేక వెనుదిరిగే ప్రాణి ఫొటో ఎవరు తీస్తారు?

అందం వెనక హెచ్చరిక

ఇప్పుడు మెరిసే అలల దగ్గరికి వద్దాం. 1999లో ఏర్పాటైన ఇన్‌కాయిస్ పేరు చెబితే చాలామందికి సునామీ హెచ్చరికలే గుర్తొస్తాయి. కానీ అక్కడ రోజూ జరిగే మరో పని ఉంది. ఉపగ్రహాలు సముద్రం రంగుని కొలుస్తాయి. పచ్చదనం ఎక్కువున్న చోట సూక్ష్మ నాచు ఎక్కువ. నాచున్న చోటికి చిన్న జీవులు, వాటికోసం చేపలు. అలా ‘రేపు వల ఇక్కడ వేయండి’ అని కాకినాడ, విశాఖ జాలర్లకి చెప్పే సమాచారం బయల్దేరేది హైదరాబాద్ నుంచి! 2009లో ఓషన్‌శాట్-2, 2022 నవంబరులో ఓషన్‌శాట్-3 నింగికెగిరింది ఇలాంటి పనుల కోసమే.

ఆ పచ్చదనం మంచిదే. భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రంలోని ఇలాంటి సూక్ష్మజీవుల చలవే. చిక్కల్లా, ఒకే రకం మితిమీరి పెరిగితేనే. డయాటమ్‌లని తినే జీవులు చేపలకి ఆహారమవుతాయి. నాక్టిలూకాని తినేవాటిలో ముఖ్యమైనవి జెల్లీ చేపల్లాంటివి. అంటే నాక్టిలూకా రాజ్యం వస్తే మనం తినే చేపలకి కూడు తగ్గొచ్చు. పైగా ఆ కణాల్లో అమ్మోనియా పోగవుతుంది. కుప్పలుగా చచ్చి కుళ్లినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలకి ఊపిరాడదు.

2000వ దశకం మొదట్నుంచీ అరేబియా సముద్రంలో పచ్చ నాక్టిలూకా చలికాలపు పూతలు భారీగా వస్తున్నాయని పరిశోధకులు గమనించారు. ఎందుకు? 2014లో వచ్చిన ఓ అధ్యయనం ఆక్సిజన్ తగ్గిన నీళ్లు పైకి విస్తరించడమే కారణమంది. 2020లో మరో అధ్యయనం హిమాలయ, టిబెట్ ప్రాంతాల్లో మంచు తగ్గడానికీ దీనికీ ముడిపెట్టింది. మంచు తగ్గితే చలికాలపు గాలులు వెచ్చబడి, సముద్రం పైపొరలు సరిగా కలవవన్నది వాళ్ల వాదన. ఈలోగా 2018లో ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన, తాము చూసిన పూతల దగ్గర ఆక్సిజన్ కొరత లేదని చెప్పింది. వాదన ఇంకా తెగలేదు. నిఘా మాత్రం తప్పదు. అందుకే నాచు పూతల సమాచారం కోసం ఇన్‌కాయిస్ ప్రత్యేక సేవనే నడుపుతోంది.

మరి మణికొండకీ సముద్రానికీ సంబంధం? ఇక్కడి సింకులో పోసిన నీళ్లు నాలాల వెంట చేరేది మూసీకి. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మధ్యలో ఆనకట్టలున్నాయి. కాబట్టి మన సబ్బు నురగే సముద్రాన్ని వెలిగిస్తోందని అనలేం. కానీ మురుగులోనూ ఎరువులోనూ ఉండే నత్రజని, భాస్వరం తీరం చేరిన చోట నాచులు మితిమీరి పెరగడం ప్రపంచమంతా చూస్తున్నదే. అంతదూరం ఎందుకు... శుద్ధి చేయని మురుగు కలిసిన మన చెరువుల పచ్చదనం, గుర్రపుడెక్క చెప్పేదీ అదే పాఠం.

భయమూ కావాలి... బుద్ధీ కావాలి

గబ్బిలాల్ని ప్రేమించమన్నారు కదాని చేత్తో పట్టుకోకూడదు. 2018లో కేరళలోని కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో నిఫా వైరస్ ప్రాణాలు తీసింది. ఆ వైరస్‌కి పండ్ల గబ్బిలాలే సహజ ఆశ్రయం. అందుకని చెట్టు నరికేస్తే సరిపోతుందా? గూడు చెదిరిన గబ్బిలాలు ఇంకో చెట్టు వెతుక్కుంటూ మనుషుల మధ్యకే వస్తాయి. నిపుణులు చెప్పే జాగ్రత్తలు చాలా చిన్నవి.

కొరికిన గుర్తులున్న పండ్లు తినకూడదు. పిల్లలకి ఇది ముందే చెప్పాలి. పండ్లని బాగా కడగాలి, వీలైతే తొక్క తీయాలి. లొట్టి మీద మూత లేని ఈత, తాటి కల్లు తాగకూడదు. రాత్రిపూట గబ్బిలాలు అందులో మూతి పెడతాయి. కింద పడ్డ గబ్బిలాన్ని ఉత్త చేతుల్తో తాకకుండా అటవీ శాఖకి చెప్పాలి. చెట్టు కింద కారు పెట్టకుండా పక్కకి జరపాలి. చెట్టుని జరపడం కన్నా అదే తేలిక!

మెరిసే అలల దగ్గరా అంతే. దూరం నుంచి చూసి ఆనందించొచ్చు. నీళ్లు ఎర్రగానో చిక్కటి పచ్చగానో మారి వాసనొస్తుంటే మాత్రం అందులో దిగకపోవడమే మంచిది.

సలీం అలీ గబ్బిలం పోతే, దాని ప్రజాతిలో మరో జాతి లేదు. ఆ కొమ్మ అక్కడితో విరిగిపోయినట్టే. నాక్టిలూకా పెరుగుతూ పోతే, చేపలకి తిండి పెట్టే కొమ్మ ఎండిపోయే ప్రమాదం. ఒకటి లెక్క తగ్గి, మరొకటి లెక్క మించి మనకి కబురు పంపుతున్నాయి. ఒక కబురు అత్తాపూర్ లాంటి చోట చదువుతున్నారు. ఇంకోటి ప్రగతినగర్‌లో చదువుతున్నారు.

రేపు పొద్దున బానెట్‌ మీద నమిలిన బాదంకాయ కనిపిస్తే... విసుక్కునే ముందు ఒక్క క్షణం ఆగండి. రాత్రి మీ చెట్టుకి ఓ అతిథి వచ్చి వెళ్లింది. ఆ చెట్టు ఇంకా ఉంది కాబట్టే వచ్చింది.